పేరు పెట్టి పిలిస్తే పలికిందెవరు?

నేను బి.కాం. చదివినవాణ్ణి. ముప్పై ఆరేళ్ళు రక్షణ శాఖ లెక్కల్లో పనిచేసి రిటైరయ్యాను. కంప్యూటర్ల గురించి రాయడానికి నాకున్న అర్హత ఒక్కటే. ఒక చిన్న ప్రోగ్రాము రాసి, దాంతో ఒక పెద్దావిడకి నాలుగు నెలలపాటు నిద్ర లేకుండా చేశాను. ఆ సంగతి చెప్పాలంటే ముందు షేర్డ్ లైబ్రరీ అంటే ఏమిటో, ప్రోగ్రాము నడుస్తూ నడుస్తూ అందులోంచి ఒక పనిని పేరుతో ఎలా వెతికి పట్టుకుంటుందో చెప్పాలి. కంప్యూటర్లంటే తెలియని మిత్రులు భయపడక్కర్లేదు. నాకు అర్థమైందంటే మీకూ అర్థమవుతుంది.

ఆఫీసులో మాకు రూల్సు పుస్తకాలుండేవి, సెక్షన్‌కొక కాపీ. నిబంధన మారినప్పుడల్లా కరెక్షన్ స్లిప్పులు వచ్చేవి. వాటిని కత్తిరించి పాత పేరా మీద జిగురుతో అంటించాలి. పది సెక్షన్లుంటే ఎనిమిది అంటిస్తాయి, రెండు అంటించవు. ఆ రెండూ పాత నిబంధన ప్రకారమే బిల్లులు పాస్ చేస్తూ కూర్చుంటాయి. ప్రభుత్వోద్యోగం చేసినవాళ్ళెవరికైనా ఇది తెలిసిన కథే.

పాత పద్ధతి ప్రోగ్రాములు సరిగ్గా ఇలాగే ఉండేవి. తెర మీద అక్షరాలు రాయడం, ఫైలు తెరవడం, వర్గమూలం కట్టడం లాంటి అందరికీ కావలసిన పనుల కోడు ప్రతి ప్రోగ్రాము పొట్టలోనూ ఒక నకలు ఉండేది. దీన్ని స్టాటిక్ లింకింగ్ అంటారు. షేర్డ్ లైబ్రరీ పద్ధతిలో పుస్తకం ఒక్కటే. అది రికార్డు రూములో ఉంటుంది, కావలసినవాళ్ళు అక్కడికెళ్ళి చూసుకోవాలి. స్లిప్పు ఒకచోట అంటిస్తే చాలు. లైనక్సులో ఈ ఫైళ్ళ పేరు చివర డాట్ ఎస్‌ఓ అని ఉంటుంది, విండోస్‌లో డాట్ డీఎల్‌ఎల్ అని ఉంటుంది.

మామూలుగా ప్రోగ్రాము మొదలయ్యే ముందే లోడర్ అనే గుమాస్తా దానికి కావలసిన లైబ్రరీల జాబితా చూసి అన్నిటినీ తెచ్చిపెడుతుంది. ఒక్కటి దొరక్కపోయినా ప్రోగ్రాము మొదలే కాదు. ఇంకో పద్ధతి కూడా ఉంది. ప్రోగ్రాము నడుస్తూ ఉండగా, మధ్యలో, "ఫలానా లైబ్రరీ తెరువు" అని అడగొచ్చు. అడిగే ఫంక్షన్ పేరు డీఎల్‌ఓపెన్. తెరిచాక "ఇందులో ఈ పేరుతో ఉన్నది ఎక్కడుందో చూపించు" అని అడిగేది డీఎల్‌సిమ్. ఇవి సన్ కంపెనీవారి యూనిక్స్ నుంచి వచ్చాయి, 2001లో పోసిక్స్ ప్రమాణంలోకి చేరాయి. విండోస్‌లో ఈ పనులకే లోడ్‌లైబ్రరీ, గెట్‌ప్రాక్‌అడ్రస్ అని వేరే పేర్లున్నాయి.

డీఎల్‌సిమ్‌కి మనం ఇచ్చేది పేరు. తిరిగొచ్చేది చిరునామా. అంతకు మించి ఇంకేమీ లేదు. ఆ చిరునామాలో ఉన్న ఫంక్షన్ ఎన్ని విలువలు అడుగుతుంది, అవి పూర్ణాంకాలా దశాంశాలా, పని చేసి ఏమిస్తుంది, ఇవేవీ దానికి తెలియవు. మనం అడగలేదు, అది చెప్పలేదు. పోనీ ఆ చిరునామా అయినా నిలకడగా ఉంటుందా అంటే అదీ లేదు. ఇప్పటి సిస్టమ్‌లలో భద్రత కోసం లైబ్రరీని ప్రతిసారీ జ్ఞాపకశక్తిలో ఒక్కోచోట దించుతారు. నేను సరదాకి ఐదుసార్లు నడిపి చిరునామా అచ్చు వేయించాను. ఐదు వేర్వేరు అంకెలు వచ్చాయి. నిలకడగా ఉన్నదల్లా పేరొక్కటే.

ఈ మాట చదివి కొందరికి నోరూరుతుందని నాకు తెలుసు. "చూశారా, నామానికి శక్తి ఉందని మీ కంప్యూటరే ఒప్పుకుంది" అని మా బావమరిది అననే అన్నాడు. ఆయన న్యూమరాలజీ నమ్మి ఇంగ్లీషు స్పెల్లింగులో ఒక ఏ అక్షరం ఎక్కువ చేర్చుకున్న మనిషి. ఆ తర్వాత ఆయనకి కలిసొచ్చిందేమిటంటే, బ్యాంకులో ఒక పేరు, ఆధార్‌లో ఒక పేరు అయి, రెండూ ఒకటే మనిషివని అఫిడవిట్లు రాయించుకుంటూ తిరగడం. డీఎల్‌సిమ్ దగ్గర కూడా అంతే. ఒక్క అక్షరం తేడా వస్తే దొరకలేదంటుంది. పేరుకి పవరుండి కాదు, ఎవరో ముందుగానే ఒక పట్టిక రాసిపెట్టి, ఈ పేరుకెదురుగా ఈ చోటు అని గీత గీశారు కనుక. పట్టిక లేకపోతే కోటిసార్లు జపించినా పలకదు. లేదని చెప్పే మర్యాద కూడా దానికుంది. డీఎల్‌ఎర్రర్ అని ఒక ఫంక్షన్ ఉంది, ఎందుకు దొరకలేదో వాక్యం రాసిస్తుంది. కోరిక తీరకపోతే కారణం రాతపూర్వకంగా ఇచ్చే దేవుణ్ణి నేనింకా చూడలేదు.

ఇక నా ప్రోగ్రాము సంగతి.

మేముండేది మల్కాజిగిరి వైపు. చుట్టుపక్కల అంతా రక్షణ శాఖ పింఛనుదార్లే. రిటైరయ్యాక నా దగ్గరికి వీళ్ళు పాస్‌బుక్కులు పట్టుకుని రావడం మొదలైంది. "సార్, బ్యాంకువాళ్ళు సరిగ్గా వేస్తున్నారా?" ప్రతి పే కమిషన్‌కీ పాత పింఛనుని కొత్త పింఛనుగా మార్చే లెక్క ఒకటుంటుంది. ఆరోదానికి, అంటే 2006 జనవరి 1 నుంచి, పాత మూల పింఛనుని స్థూలంగా 2.26 తో హెచ్చవేయాలి. ఏడోదానికి, 2016 జనవరి 1 నుంచి, 2.57 తో. కనీస పింఛను ఆరోదాంట్లో 3,500, ఏడోదాంట్లో 9,000. ఏడోదానికి 2017లో నోషనల్ పే అనే రెండో పద్ధతి కూడా వచ్చింది, రెండింట్లో ఏది ఎక్కువైతే అది ఇస్తారు. ఆ రెండోది నేను ప్రోగ్రాములో అప్పటికింకా రాయలేదు, చేత్తోనే వేసేవాణ్ణి. అన్నట్టు ఆఫీసులో ఉన్నప్పుడు 1990ల్లో కోబాల్ ఓ నాలుగు నెలలు నేర్పించారు. ఆ పిచ్చితోనే రిటైరయ్యాక సీ ప్లస్‌ప్లస్ మొదలుపెట్టాను.

నేను వేసిన పథకం ఇది. ప్రధాన ప్రోగ్రాము ఒకటి. ఒక్కో పే కమిషన్‌కి ఒక్కో డాట్ ఎస్‌ఓ ఫైలు. ప్రతి ఫైల్లోనూ రివైజ్ అనే ఒకే పేరుతో ఒక ఫంక్షన్. పాత పింఛను ఇస్తే కొత్తది ఇవ్వాలి. రేపు ఎనిమిదో కమిషన్ వస్తే ప్రధాన ప్రోగ్రాము ముట్టుకోనక్కర్లేదు, ఒక ఫైలు తెచ్చి ఆ డైరెక్టరీలో పడేస్తే చాలు. పెద్ద పెద్ద సాఫ్ట్‌వేర్లలో ప్లగిన్లనేవి ఇలాగే పనిచేస్తాయని చదివి ముచ్చటపడ్డాను. ఇది 2023లో మాట.

మొదటిసారి నడిపితే తెర మీద ఒక వాక్యం వచ్చింది. రివైజ్ అనే సింబల్ నిర్వచించబడలేదు. కళ్ళెదుట ఫైల్లో ఉంది, లేదంటోంది! బెంగుళూరులో ఉండే మా అన్నయ్య కొడుక్కి ఫోన్ చేశాను.

"బాబాయ్, సీ ప్లస్‌ప్లస్ పేర్లని మార్చేస్తుంది. పేరుకి ఎక్స్‌టర్న్ సీ అని ముందు పెట్టండి, పోతుంది. కానీ అన్ని ఫైళ్ళకీ హెడర్ ఒకటే వాడండి."

మొదటి వాక్యం విన్నాను. రెండోది వినలేదు. ఎక్స్‌టర్న్ సీ పెట్టాను. ఫిర్యాదు పోయింది. ఎంత సంతోషమో! పని జరిగిపోయిందనుకున్నాను.

ఆ పేర్లు మార్చడమేమిటో తర్వాత తెలుసుకున్నాను కానీ ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే కథంతా ఇందులోనే ఉంది. సీ ప్లస్‌ప్లస్ కంపైలర్ రివైజ్ అనే పేరుని ఉన్నదున్నట్టు పట్టికలో రాయదు. నా లైనక్సు మిషన్‌లో ముందు ఒక అండర్‌స్కోరు, జెడ్, తర్వాత 6, తర్వాత రివైజ్, చివర ఒక అక్షరం చేర్చి రాస్తుంది. ఆ 6 చూసి న్యూమరాలజీ మిత్రులు మురిసిపోవద్దు, ఇంగ్లీషులో ఆ పేరుకి ఆరక్షరాలున్నాయని అర్థం. చివరి అక్షరమే అసలు సంగతి. ఫంక్షన్ పూర్ణాంకం తీసుకునేదైతే ఐ అని, దశాంశం తీసుకునేదైతే డి అని ఉంటుంది. అంటే ఇంటిపేరులాగా, ఈ ఫంక్షన్ ఎలాంటి సరుకు పుచ్చుకుంటుందో పేరులోనే రాసి ఉంటుందన్నమాట. ఎక్స్‌టర్న్ సీ అనగానే ఆ తోక తెగిపోయి వట్టి రివైజ్ మిగులుతుంది. డీఎల్‌సిమ్ వాడాలంటే సాధారణంగా ఇలాగే చేస్తారు, అది తప్పేం కాదు. తప్పల్లా నాదే. ఆరో కమిషన్ ఫైలు ముందు రాశాను, పైసలెందుకులే అని పూర్ణాంకాలతో. ఏడోది రెండు వారాల తర్వాత రాశాను, ఈసారి దశాంశాలతో. ప్రధాన ప్రోగ్రాములో రెండూ దశాంశాలవే అనుకున్నాను. తోక ఉండి ఉంటే ఐ ఒకచోట, డి ఒకచోట ఉండి, ఆరో ఫైలు తెరవగానే దొరకలేదని మొత్తుకునేది. ఆ మొత్తుకునే నోరు నేనే మూయించాను.

పిన్నిగారు వచ్చింది ఆ తర్వాతి వారం. పిన్నిగారంటే చుట్టం కాదు, మా వీధి చివరింట్లో ఉంటారు. డెబ్భై ఎనిమిదేళ్ళు. భర్త ఒక డిపోలో స్టోర్స్ సూపరింటెండెంటుగా చేసి 1990ల్లో పోయారు. ఆవిడకొచ్చేది కుటుంబ పింఛను. కంట్లో శుక్లం ముదిరి పాస్‌బుక్కు చదవలేకపోతున్నారు.

"నాయనా, కంటి ఆపరేషన్‌కి డబ్బులు తీయాలి. దానికి ముందు ఇదంతా సరిగ్గా ఉందో లేదో నీ కంప్యూటర్లో ఒకసారి చూసి పెట్టు."

ఆవిడ అసలు అంకెలు ఇక్కడ రాయను, గుండ్రంగా మార్చి చెబుతాను. పాత పింఛను 2,000 అనుకోండి. ఆరో కమిషన్‌లో 4,520 అవ్వాలి. దాన్ని 2.57 తో హెచ్చవేస్తే 11,617. రెండో పద్ధతిలో వేస్తే ఇంకా ఎక్కువే వస్తుంది. నా ప్రోగ్రాము తెర మీద చూపించింది మాత్రం 9,000. బ్యాంకు వేస్తున్న మూల పింఛను దానికంటే బాగా ఎక్కువ.

9,000 అనేది నాకు చిన్నప్పటి నుంచి తెలిసిన మనిషిలాంటి అంకె. వందలమంది పాస్‌బుక్కుల్లో చూశాను. కనీస పింఛను కదా, ఈవిడకి కనీసమే వర్తిస్తుందన్నమాట అనుకున్నాను. 3.14 కనిపిస్తే ఎవరైనా వృత్తమే అనుకున్నట్టు. చేత్తో వెయ్యలేదు. రెండో పద్ధతి కూడా వెయ్యలేదు, మొదటిదాంట్లోనే ఇంత తక్కువొచ్చిందంటే ఆ జోలికెందుకులే అనుకున్నాను. ముప్పై ఆరేళ్ళ ఆడిటర్ని!

"పిన్నిగారూ, బ్యాంకువాళ్ళు ఎక్కువ వేస్తున్నారేమోనండీ. ఎప్పుడో పట్టుకుంటే రికవరీ పెడతారు. ఓ నాలుగు డబ్బులు పక్కన పెట్టుకోండి" అన్నాను. మంచి చేస్తున్నాననే అనుకున్నాను.

ఆవిడ ఆపరేషన్ మానుకున్నారు. ఆ డబ్బు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో పెట్టుకుని, ప్రతి నెలా మొదటి వారంలో బ్యాంకుకెళ్ళి ఏమైనా కోత పడిందా అని అడిగి రావడం మొదలుపెట్టారు. ఇదంతా నాకు నాలుగు నెలల తర్వాత తెలిసింది.

తప్పు బయటపడింది ఒక రిటైర్డ్ హెడ్‌క్లర్కు గారి వల్ల. ఆయన పాత పింఛను 5,000. ఆరో కమిషన్ అంకె 11,300 అని నాకు నోటికొచ్చు. అంత సులువైన లెక్క. తెర మీద చివరి అంకె 12,850 చూపించింది. ఆరో కమిషన్‌లోనే 11,300 ఉన్న మనిషికి ఏడోదాంట్లో 12,850 ఏమిటి? ఒళ్ళు ఝల్లుమంది. మధ్య మెట్టు అచ్చు వేయించాను. 5,000 ఇస్తే ఆరో కమిషన్ 5,000 తిరిగిచ్చింది. ఇంకో అంకె ఇచ్చాను. అదే తిరిగొచ్చింది. ఏది ఇస్తే అదే. పిన్నిగారి 2,000 కూడా 2,000 గానే వచ్చి ఉంటుంది. దాన్ని 2.57 తో హెచ్చవేస్తే 5,140. అది కనీసం కంటే తక్కువ కనుక ఏడో ఫైలు మర్యాదగా 9,000 కి పెంచింది. కనీస పింఛను అనే మంచి నిబంధన కిందికి నా తప్పు దూరి పడుకుంది.

ఆ రాత్రి రెండింటి దాకా కూర్చుంటే కారణం దొరికింది. మన మామూలు 64 బిట్ ఇంటెల్ రకం కంప్యూటర్లలో, లైనక్సులో, ఒక ఫంక్షన్ ఇంకో ఫంక్షన్‌కి పూర్ణాంకం పంపాలంటే ఒక సొరుగులో పెడుతుంది, దశాంశం పంపాలంటే వేరే సొరుగులో పెడుతుంది. వీటిని రిజిస్టర్లంటారు. జవాబుకీ అలాగే వేర్వేరు సొరుగులున్నాయి. ఒక మెలిక ఏమిటంటే, మొదటి దశాంశాన్ని పంపే సొరుగూ, దశాంశం జవాబు వచ్చే సొరుగూ ఒక్కటే. నా ప్రధాన ప్రోగ్రాము 2,000 ని దశాంశాల సొరుగులో పెట్టి రివైజ్‌ని పిలిచింది. ఆరో ఫైల్లోని రివైజ్ పూర్ణాంకాల సొరుగు తెరిచి, అందులో ఏ చెత్త ఉంటే ఆ చెత్తని 226 తో హెచ్చవేసి, 100 తో భాగించి, జవాబుని పూర్ణాంకాల సొరుగులో పెట్టి వెళ్ళిపోయింది. దశాంశాల సొరుగు ముట్టుకోనే లేదు. నా ప్రోగ్రాము జవాబు కోసం దశాంశాల సొరుగు తెరిచింది. తను పెట్టిన 2,000 అక్కడే ఉంది. ఇదే జవాబనుకుంది.

ఆగిపోలేదు, విరిగిపోలేదు, హెచ్చరిక లేదు. మనమిచ్చిన కాగితాన్నే మనకి తిరిగిచ్చి, అది సంతకమై వచ్చిన కాగితమని నమ్మించింది. నాడీ జ్యోతిష్యం దగ్గరికి వెళ్ళినవాళ్ళు ఈ మాట గుర్తుపడతారు. వేలిముద్ర తీసుకుని, మాటల్లో పెట్టి మన నోటినుంచి రాబట్టిన వివరాలనే తాళపత్రంలో ఉన్నాయని చదివి వినిపిస్తారు. మనం పెట్టిన 2,000 మనకే. నేను ఇరవై ఏళ్ళుగా ఈ కిటుకుని సభల్లో విప్పి చెబుతున్నవాణ్ణి. నా ఇంట్లో, నా చేత్తో రాసిన జ్యోతిష్యుణ్ణి నాలుగు నెలలు పోల్చుకోలేకపోయాను.

ఆ తర్వాత కొన్నాళ్ళు ఈ లోడర్ వెనకాలే పడ్డాను. ఇంకో తమాషా కనిపించింది. ఒకే పేరు రెండు లైబ్రరీల్లో ఉంటే? మామూలుగా ముందు వరసలో ఎవరుంటే వారే పలుకుతారు. వరసలో అందరికంటే ముందు నిలబడటానికి లైనక్సులో ఒక సిఫారసు చీటీ కూడా ఉంది, ఎల్‌డీ ప్రీలోడ్ అంటారు. మా సంఘం నెలవారీ సమావేశంలో దీన్ని చూపించాను. చిలక జోస్యం ప్రోగ్రాము ఒకటి రాశాను, ఇరవై ఏడు కార్డుల్లోంచి ర్యాండ్ అనే ఫంక్షన్‌తో ఒకటి తీస్తుంది. ముందు మామూలుగా నడిపితే ఒక్కొక్కరికి ఒక్కో కార్డు వచ్చింది. తర్వాత నేను ర్యాండ్ అనే పేరుతోనే ఇంకో ఫంక్షన్ రాసి చీటీ మీద ముందు నిలబెట్టాను. అది ఎప్పుడడిగినా 7 అంటుంది. ప్రోగ్రాములో ఒక్క అక్షరం మార్చలేదు, అందరికీ ఒకటే కార్డు. ప్రేమానంద్ గారు విభూతి ఉండ వేళ్ళ మధ్య దాచి చూపించేవారు, నా ఉండ ఇదీ అని చెప్పాను. కుర్రాళ్ళు నవ్వారు. పాస్‌వర్డ్ మార్చేలాంటి, అధికారమున్న ప్రోగ్రాముల దగ్గర మామూలు వాడుకరి తెచ్చే ఇలాంటి చీటీలు చెల్లవు. అంతమాత్రం బుద్ధి లోడర్‌కి పెట్టారు.

ఇది ఆటగా ఉన్నప్పుడు బాగానే ఉంటుంది. 2024 మార్చి 29న ఆట కానిది బయటపడింది. పోస్ట్‌గ్రెస్ డేటాబేసు మీద పనిచేసే ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తన డెబియన్ కంప్యూటర్లో ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ మామూలుకంటే సుమారు అర సెకను ఎక్కువ తీసుకుంటోందని గమనించాడు. మీరూ నేనూ అయితే నెట్టు స్లో అనుకుంటాం. ఆయన వెనక్కి తవ్వుకుంటూ వెళ్ళి ఎక్స్‌జెడ్ అనే కుదింపు సాఫ్ట్‌వేరు తాలూకు షేర్డ్ లైబ్రరీ దగ్గర తేలాడు. దాని 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగ ద్వారం ఉంది. జియా టాన్ అనే పేరుతో ఎవరో, ఆ మనిషెవరో ప్రపంచానికి నేటికీ తెలియదు, రెండేళ్ళకు పైగా బుద్ధిగా పనిచేసి నమ్మకం సంపాదించి పెట్టింది అది. నిజానికి ఎస్‌ఎస్‌హెచ్‌కి ఆ లైబ్రరీతో పనే లేదు. కొన్ని డిస్ట్రిబ్యూషన్లు ఎస్‌ఎస్‌హెచ్‌ని సిస్టమ్‌డీ లైబ్రరీకి కలిపాయి, ఆ లైబ్రరీకి ఎక్స్‌జెడ్ కావాలి, అలా చుట్టం వెంట చుట్టం లోపలికొచ్చింది. వచ్చి ఏం చేసిందంటే, లోడర్ ఇంకా పేర్లూ చిరునామాలూ జతచేస్తుండగానే, తాళం సరైనదో కాదో చూడటంలో పనికొచ్చే ఆర్‌ఎస్‌ఏ పబ్లిక్ డిక్రిప్ట్ అనే పేరుకెదురుగా తన చిరునామా రాసుకుంది. పేరదే, పలికేది వేరొకడు. ఆ అర సెకను దాని అడుగుల చప్పుడు. సిస్టమ్‌డీవాళ్ళు ఆ తర్వాతి వెర్షన్లో ఇలాంటి లైబ్రరీల్ని మొదట్లోనే మోసుకురాకుండా, అవసరమైనప్పుడు మాత్రమే డీఎల్‌ఓపెన్‌తో తెరిచే పద్ధతి పెట్టారు.

నా ప్రోగ్రాముని నేను బాగుచేసిన తీరు కూడా చెప్పాలి. మా అన్నయ్య కొడుకు చెప్పిన ఒకే హెడర్ పెట్టాను, కంపైలరే తేడా పట్టుకునేలా. ఇంకోటి, ఏ ఫైలు తెరిచినా అసలు పనికి ముందు తెలిసిన లెక్కలు నాలుగు దానిచేత చేయిస్తాను. ఆరో ఫైలు 2,000 కి 4,520 చెప్పకపోతే బయటికి పంపేస్తాను. నువ్వెవరు అని అడిగితే రివైజ్ అంటుంది, పాతదీ అదే అంది. కాబట్టి ఆ ప్రశ్న మానేశాను. డీఎల్‌సిమ్ మాన్యువల్లో చదివిన ఇంకో సంగతి ఆడిటర్లకి నచ్చుతుంది. అది సున్నా తిరిగిస్తే పేరు దొరకలేదని తేల్చేయకూడదట, అరుదుగా కొన్ని పేర్లకి విలువే సున్నా కావొచ్చు. అందుకని ముందు డీఎల్‌ఎర్రర్‌ని పిలిచి పాత ఫిర్యాదులు తుడిచి, తర్వాత డీఎల్‌సిమ్‌ని పిలిచి, మళ్ళీ డీఎల్‌ఎర్రర్‌ని చూడాలి. నిల్ రిటర్న్ రావడం వేరు, రిటర్నే రాకపోవడం వేరు అని మా సూపరింటెండెంటు గారు చేరిన మొదటి నెలలో నన్ను నిలబెట్టి చీవాట్లేసింది సరిగ్గా దీనికే.

2025 జనవరిలో ఎనిమిదో వేతన సంఘాన్ని ప్రకటించారు. దాని ఫైలు కోసం ఒక ఖాళీ డైరెక్టరీ పెట్టి ఉంచాను.

పిన్నిగారి దగ్గరికి ఆ మర్నాడే వెళ్ళాను. రాత్రంతా నిద్రలేని మొహంతో. "తప్పు నాదండీ. మీ పింఛను సరిగ్గానే వస్తోంది. రికవరీ ఏమీ లేదు" అన్నాను.

ఆవిడ రెండు చేతులూ ఎత్తి గోడమీద పటానికి దణ్ణం పెట్టారు. "రికవరీ రాకుండా చూడు తండ్రీ, కొండకొస్తానని మొక్కుకున్నా నాయనా. నీ నోటితో చెప్పించాడు."

నా తప్పు, నా దిద్దుబాటు, రెండూ ఆయన ఖాతాలో జమైపోయాయి. ఊరుకోలేక, రికవరీ అనేది అసలు లేదనీ, నేను చెప్పకపోయుంటే ఆ భయమే ఉండేది కాదనీ వివరించాను. సొరుగుల సంగతి కూడా చెప్పాను. శ్రద్ధగా విన్నారు.

"భయం పెట్టిందీ ఆయనే, తీసిందీ ఆయనే" అన్నారు.

దేనికైనా ఒకే చిరునామా ఇచ్చే డీఎల్‌సిమ్ ముందు ఇంకేం వాదిస్తాను? పైగా నాలుగు నెలలు తెర చెప్పిందల్లా నమ్మిన నేను ఆవిడకి నమ్మకాల గురించి చెప్పే స్థితిలో ఆ రోజు లేను. కొండకి తర్వాత వెళ్ళండి, ముందు కన్ను చేయించుకోండి, నేను దగ్గరుండి తీసుకెళ్తాను అన్నాను. కాసేపు ఆలోచించి, కళ్ళు కనపడితేనే కదా స్వామిని చూసేది అని ఒప్పుకున్నారు. పదిహేను రోజుల్లో ఆపరేషన్ అయింది. ఆటోలో తీసుకెళ్ళి, తీసుకొచ్చి, నెలరోజులపాటు పూటపూటకీ మా ఆవిడ వెళ్ళి చుక్కల మందు వేసి వచ్చింది.

తిరుపతి వెళ్ళొచ్చి లడ్డూ తెచ్చిచ్చారు. మా ఆవిడ నవ్వుతూ పళ్ళెంలో పెట్టి, "తినండి, మీ తప్పుకొచ్చిన ప్రసాదం" అంది. తిన్నాను. బాగుంది.

లడ్డూతోపాటు పాస్‌బుక్కు కూడా తెచ్చారు పిన్నిగారు. "ఈసారి సరిగ్గా చూస్తావా?" అన్నారు. మొదటి పద్ధతీ, రెండో పద్ధతీ కాగితం మీద పెన్సిలుతో రెండేసిసార్లు వేశాను. తర్వాత ప్రోగ్రాముతో వేశాను. కలిశాయి. బ్యాంకు అంకెతో కూడా కలిసింది. ఆవిడ ఆ కాగితం నా చేతిలోంచి తీసుకుని, కిటికీ దగ్గరికెళ్ళి, అద్దాలు లేకుండానే ఒక్కొక్క అంకె మీదా వేలు పెట్టుకుంటూ పైనుంచి కిందిదాకా తనే చదువుకున్నారు.